డీవో అంటే బొక్కల డాక్టరా?

ప్రశ్న: నమస్తే మేడం, మాది హన్మకొండ. మా అన్న బిడ్డ న్యూజెర్సీలనే పుట్టి పెరిగింది, బయాలజీ డిగ్రీ అయిపోవచ్చింది, ఇప్పుడు ఆస్టియోపతిక్ కాలేజీలకు, అదే డీవోకి అప్లై చేస్తనంటున్నది. బొక్కల డాక్టర్ అయితవా, పుత్తూరు కట్టు కడతవా అని మా అన్న ఆ పిల్లతోని మాట్లాడుడే బంద్ చేసిండు. మా బాబు ఇక్కడ కాకతీయ మెడికల్ కాలేజీల థర్డ్ ఇయర్, వాడు కూడా డీవోకి పోవచ్చా?

జవాబు: అమ్మా, ముందుగాల మీ అన్నకు ఫోన్ చెయ్యండి, ఆ పిల్ల తప్పేం చేస్తలేదు. అమెరికాల డీవో అంటే పూర్తి డాక్టరే, మందులు రాస్తరు, ఆపరేషన్లు చేస్తరు, 50 రాష్ట్రాల్లో ఎక్కడైనా లైసెన్స్ తీసుకోవచ్చు. పరేషానంత పేరుతోనే, ఎందుకంటే యూరప్‌ల ఆస్టియోపాత్ అంటే చేతులతోని నొప్పులు తగ్గించేటోళ్లు, మందులు రాయరు, మనోళ్లు రెండూ ఒకటే అనుకుంటరు. అమెరికాల ఈ చదువు మొదలువెట్టింది ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్, 1864ల ఆయన పిల్లలు మెనింజైటిస్‌తోని చనిపోతే అప్పటి మందుల మీద నమ్మకం పోయి వేరే తొవ్వ వెతికిండు, 1892ల మిస్సోరీ కర్క్స్‌విల్‌ల మొదటి కాలేజీ పెట్టిండు.

ఇప్పుడైతే నాలుగేండ్లు ఎండీ వాళ్లు (అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లెక్క మొదటి డాక్టర్ డిగ్రీ) చదివేదంత చదువుతరు, దానికి తోడు సుమారు 200 గంటలు చేతులతోని పరీక్ష చేసుడు, సరిచేసుడు నేర్పుతరు. ల్యాబుల ఒకరు బల్ల మీద బోర్ల పడుకుంటే ఇంకొకరు వేలి కొసలతోని వెన్నుపూసలు ఒక్కొక్కటి లెక్కవెట్టుకుంట ఎక్కడ బిగుసుకున్నదో పట్టుకోవాలె. రోగిని ముట్టి చూసుడే తగ్గిపోతున్న ఈ రోజులల్ల అది నాకైతే చాలా విలువైన చదువనిపిస్తది. కామ్‌లెక్స్ అని వాళ్ల లైసెన్స్ పరీక్ష వేరే ఉంటది, చానామంది ఎండీ వాళ్లు రాసే లైసెన్స్ పరీక్ష యూఎస్ఎంఎల్ఈ కూడా రాస్తరు. 2020 నుంచి రెసిడెన్సీలు, అంటే డిగ్రీ అయినంక ఆస్పత్రుల చేసే ట్రైనింగులు, ఎండీలకు, డీవోలకు ఒకే వ్యవస్థ కిందికి వచ్చినయి. కొన్ని సర్జరీ బ్రాంచులల్ల డీవోలకు పోటీ ఇంకా గట్టిగనే ఉన్నది, అది దాచేది లేదు.

ఆ పిల్ల అప్లికేషన్ ఆకోమాస్‌ల, అంటే డీవో కాలేజీలకు అప్లై చేసే ఆన్‌లైన్ పోర్టల్‌ల, పెట్టాలె, మే మొదట్ల తెరుస్తరు, వచ్చినయి వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చుకుంట పోతరు గనుక ఆలస్యం చేస్తే ఎంక్యాట్ అనే ఎంట్రెన్స్ పరీక్షల మంచి స్కోర్ ఉన్నా నష్టమే. చానా కాలేజీలు డీవో డాక్టర్ రాసిన లెటర్ అడుగుతయి, కొన్ని అది లేనిదే చూడయి. ఇప్పటినుంచే ఒక డీవో క్లినిక్‌కి పోయి పక్కన నిలబడి పని చూడుమనండి.

ఇగ మీ బాబు సంగతి, వాడు మళ్ల నాలుగేండ్లు చదవనక్కరలేదు. ఎంబీబీఎస్ చేసినోళ్లు యూఎస్ఎంఎల్ఈ రాసి, బయటి దేశాల చదివిన డాక్టర్లకు ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్‌తోని సీదా రెసిడెన్సీకే అప్లై చేస్తరు. ముందు ఎంజీఎం ఆస్పత్రిల వార్డు పోస్టింగులు మనసువెట్టి చెయ్యుమనండి.