పార్కింగ్ స్థలంలో చవక బేరం: అమెరికా వెళ్లే మన పిల్లలకు

ఈసారి వేసవిలో గుంటూరు వచ్చినప్పుడు, ఆగస్టులో టెక్సాస్‌కు ఎమ్మెస్ చదవడానికి వెళ్లబోతున్న అబ్బాయి ఒకడు తన మేనమామను వెంటబెట్టుకుని బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చాడు. విమానం టిక్కెట్టు, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా గురించి అడగవలసినవన్నీ అడిగి, చివరకు అసలు సందేహం బయటపెట్టాడు. "బాబాయ్ గారూ, ఫోనూ ల్యాప్‌టాపూ ఇక్కడ కొనవద్దట, అక్కడ బయట సగం ధరకే దొరుకుతాయట. సీనియర్ ఒకాయన వాట్సాప్ గ్రూపులో పెట్టారు, నిజమేనా?" అన్నాడు. అతనికి చెప్పిన సమాధానం ఇంకా చాలామందికి పనికివస్తుందనిపించి, కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ "బయట" అంటే ఏమిటో నాకు స్వానుభవం. 2001లో న్యూజెర్సీ చేరిన మూడో నెలలో, పెట్రోలు బంకు దగ్గరి పార్కింగ్ స్థలంలో తెల్ల వ్యాను ఒకటి నా పక్కన ఆగింది. ఏదో కంపెనీ పేరు కుట్టిన చొక్కాలు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు దిగి, గోదాములో పొరపాటున రెండు స్పీకర్ల సెట్లు ఎక్కువగా ఎక్కించారనీ, తిరిగి తీసుకువెళ్తే లాభం లేదు కాబట్టి వచ్చినకాడికి అమ్మేస్తున్నామనీ చెప్పారు. 1,800 డాలర్ల ధర వేసిన బిల్లు చూపించారు, రంగుల కేటలాగు చూపించారు. నాలుగు వందలు అడిగితే నేను గంటసేపు బేరమాడి 180కి దించాను. ఇంటికి వెళ్లి పెట్టె విప్పితే జర్మన్ పేరులా వినిపించే ఊరూ పేరూ లేని బ్రాండు, లోపల అట్టలాంటి కోను, దానికి గోలీకాయంత అయస్కాంతం, చేతికి బరువు తగలడానికి అడుగున ఒక సిమెంటు దిమ్మ ఉన్నాయి.

దీనిని అక్కడ "వైట్ వ్యాన్ స్పీకర్ల మోసం" అంటారు. 1980ల నుంచీ నడుస్తున్న పాత విద్య ఇది. ఇప్పుడు స్పీకర్ల స్థానంలో ప్రొజెక్టర్లు, హోమ్ థియేటర్లు వచ్చాయి తప్ప కథ మారలేదు. వాళ్లు అమ్మేది సరుకును కాదు, ఆ కథనే. కొంచెం తప్పుడు పని అని మనకు తెలుస్తూనే ఉంటుంది. మేనేజరుకు తెలియకుండా మిగిలిన సరుకును మనం కాజేస్తున్నామన్న చిన్న అపరాధభావం ఉంటుంది కాబట్టి ఎక్కువ ప్రశ్నలు వేయము, తరువాత ఫిర్యాదు చేయడానికీ సిగ్గుపడతాము. ఇంకొక సంగతి ఆలస్యంగా అర్థమైంది. విజయవాడ బీసెంట్ రోడ్డు బజారులో నేర్చుకున్న బేరమే ఆ రోజు నన్ను ముంచింది. బీసెంట్ రోడ్డులో వస్తువు పనిచేయకపోతే మరునాడు అదే బడ్డీ దగ్గరకు వెళ్లి నలుగురిలో నిలదీయవచ్చు. ఆ మనిషి అక్కడే ఉంటాడు, రేపు కూడా అక్కడే వ్యాపారం చేసుకోవాలి. బేరానికి అర్థం ఉండేది అందువల్లే. పార్కింగ్ స్థలంలోని మనిషి రేపు కనిపించడు. కనిపించని మనిషితో ఎంతకు బేరం కుదిరినా అది నష్టమే.

ఫోన్ల విషయం మరింత చిక్కు, ఎందుకంటే ఇక్కడ సరుకు అసలుదే అయినా మోసం జరగవచ్చు. పూర్తిగా నకిలీ ఫోనును పట్టుకోవడం తేలిక. ఐఫోన్‌లా కనిపించేటట్టు చేసిన ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ స్టోర్ బొమ్మ మీద నొక్కితే గూగుల్ ప్లే తెరుచుకుంటుంది. అసలు ఫోన్లలో మాత్రం మూడు ప్రమాదాలు ఉంటాయి. మొదటిది, పాత యజమాని ఖాతా తాళం. 2013లో యాపిల్ తెచ్చిన యాక్టివేషన్ లాక్ వల్ల, అతని పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫోను మీ చేతిలో అద్దపు పలకగానే మిగులుతుంది. రెండవది, దొంగిలించినట్టు నమోదైన ఫోను. దానిని అమెరికాలోని ప్రధాన నెట్‌వర్కులు పనిచేయనివ్వవు. మూడవదే అందరూ పడే గుంట. అక్కడ ఫోన్లు ఎక్కువగా నెలసరి వాయిదాల మీద ఇస్తారు. కంపెనీకి ఇంకా బాకీ ఉన్న ఫోనును మీకు అమ్మి, ఆ మనిషి వాయిదాలు ఆపేస్తాడు, లేదా పోయిందని బీమా అడుగుతాడు. కొన్న రోజున ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పరీక్షలో శుభ్రంగా కనిపించిన ఫోను మూడు వారాల తరువాత మూగబోతుంది. అందువల్ల ఆ పరీక్ష అవసరమే కానీ, దానితో పని పూర్తి కాదు. బాకీ లేదని తెలిపే కంపెనీ కాగితమో, కొన్న రశీదో చూపించమని అడగాలి.

ఆ పరీక్ష ఎలాగంటారా, ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల సంఖ్య వస్తుంది. అమెరికాలో వైర్‌లెస్ కంపెనీల సంఘమైన సీటీఐఏ నడిపే ఉచిత వెబ్‌సైటులో దానిని వేసి చూడవచ్చు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ టెలికాం వెబ్‌సైటు సంచార్ సాథీ చేసే పని ఇటువంటిదే కనుక, ఇక్కడ పాత ఫోను కొనేవారికీ ఇదే అలవాటు మంచిది.

సీలు వేసిన పెట్టె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "సీలు తీస్తే విలువ పోతుంది, తెరవకండి" అని అమ్మేవాడు అంటే అక్కడితో మాట ముగించండి. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేశారు. టిక్కీ (మిర్చి బస్తా) పైన ఎంత ఎర్రటి కాయ కనిపించినా, మధ్యలో చేయి పెట్టి పిడికెడు బయటకు తీయకుండా ధర చెప్పేవారు కాదు. ల్యాప్‌టాప్ పెట్టెలో సరిగ్గా ఆ బరువుకు సరిపోయే టైల్సు ముక్కలు పెట్టి, ప్లాస్టిక్ పొర చుట్టి అమ్ముతారు. ఇంకొందరు అసలు వస్తువును చూపించి, ఆన్ చేసి, మీరు డబ్బు లెక్కపెడుతున్నప్పుడు అటువంటిదే ఇంకొక సంచిని చేతికి అందిస్తారు.

పెన్‌డ్రైవులు, హార్డ్ డిస్కుల మోసం మాత్రం వెంటనే బయటపడదు. 20 డాలర్లకు ఒక టెరాబైటు అని అమ్ముతారు. కంప్యూటరుకు పెడితే అంతే చూపిస్తుంది కూడా, ఎందుకంటే లోపలి ప్రోగ్రామునే మార్చి అబద్ధం చెప్పిస్తారు. అసలు చిప్పు 32 గిగాబైట్లదై ఉంటుంది. అది నిండిన తరువాత వేసిన ఫైళ్లు పాతవాటి మీదే పడి చెరిపేస్తాయి. పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్సులోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు మొత్తం నింపి, తిరిగి చదివి నిజం చెబుతాయి. పెళ్లి ఫొటోలు కానీ, థీసిస్ కానీ వేయకముందే ఆ పరీక్ష చేయండి.

వీధి చార్జర్లు డబ్బుతో పోయే విషయం కాదు. యూఎల్ అనే భద్రతా సంస్థ 2016లో 400 నకిలీ యాపిల్ అడాప్టర్లను పరీక్షిస్తే ప్రాథమిక భద్రతా పరీక్షలన్నీ నెగ్గినవి మూడే. అసలు మీకు అక్కడ చార్జరు కొనవలసిన అవసరమే తక్కువ. ఇక్కడి నుంచి తీసుకువెళ్లే ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే, అమెరికా 120 వోల్టుల కరెంటుకు పిన్ను మార్చే చిన్న అడాప్టరు చాలు.

డబ్బు చెల్లించే పద్ధతి కూడా సరుకంత ముఖ్యం. క్రెడిట్ కార్డుతో కొంటే, బిల్లు వచ్చిన 60 రోజుల లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు చట్టం ఇస్తుంది. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు వెంటనే డబ్బు పంపే అక్కడి సేవ) ద్వారా పంపిన డబ్బు చేతికి ఇచ్చిన నోటుతో సమానం. కొత్తగా వెళ్లినవారికి మొదటి నెలల్లో క్రెడిట్ కార్డు ఉండదు, జేబులో మాత్రం ఇంటి నుంచి తెచ్చిన డాలర్లు ఉంటాయి. మోసగాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. తాత్కాలిక స్థలాలలో 130 డాలర్లు, అంతకు మించి జరిగిన అమ్మకాలను మూడు పనిదినాలలో రద్దు చేసుకునే నిబంధన కూడా వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టింది. కానీ రద్దు కాగితం ఎవరికి పంపాలి? వ్యానుకు చిరునామా ఉండదు.

తప్పనిసరిగా చేతులు మారిన వస్తువే కొనాలంటే, చాలా ఊళ్లలో పోలీసు స్టేషను ముందు కెమెరాలు పెట్టి ఇటువంటి అమ్మకాలకే స్థలం కేటాయించారు. అక్కడికి రానన్నవాడితో వ్యవహారం వద్దు. దొంగసొత్తని తెలిసి కొనడం నేరమన్నదీ, చదువు వీసా మీద ఉన్నవారికి చిన్న కేసు కూడా పెద్ద తలనొప్పి అన్నదీ మరవకండి. మోసపోయినవారు వ్యాను నంబరు గుర్తుంటే స్థానిక పోలీసులకూ, ట్రేడ్ కమిషనుకూ తెలియజేయండి. మన వాళ్లలో కొందరు చేసే ఒక పని మాత్రం నాకు అసహ్యం: తాము మోసపోయిన వస్తువును తరువాతి బ్యాచి తెలుగు పిల్లవాడికే అంటగట్టడం. నా రూమ్మేటు కూడా ఆ స్పీకర్ల విషయంలో అదే సలహా ఇచ్చాడు.

ల్యాప్‌టాప్ విజయవాడ గవర్నర్‌పేటలోనో, ఇక్కడి అరండల్‌పేటలోనో బిల్లు తీసుకుని కొనమనీ, వారంటీ అమెరికాలో చెల్లుతుందో లేదో కొనకముందే అడగమనీ చెప్పాను. ఫోను సంగతికి, ఆ వాట్సాప్ సీనియరునే ఐఎంఈఐ నంబరు అడగమన్నాను. మరునాడు వచ్చిన జవాబును అబ్బాయి నాకు చూపించాడు. కొత్త పెట్టె, సీలు తీయలేదు కనుక నంబరు తెలియదట, జెల్‌లో సగం డబ్బు ముందు పంపితే వస్తువు పక్కన పెడతాడట. ఐఎంఈఐ నంబరు పెట్టె బయట చీటీ మీదే అచ్చువేసి ఉంటుందని వాళ్ల మేనమామకు మా ఇంట్లో ఉన్న ఖాళీ పెట్టె తీసి చూపించాను.