ల్యాండింగ్ ముందు మెషీన్ మాట వినకపోతే

చి. లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

ఎయిర్‌బస్ నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్ అయిపోయిందని, వచ్చే వారం నుంచి మామూలు ప్రయాణికుల విమానాల్లో లైన్ ట్రైనింగ్ అని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అప్రోచ్‌లో, అంటే దిగడానికి రన్‌వే వైపు వస్తున్నప్పుడు, ఆటోమేషన్ అనుకోనిది చేస్తే ముందు ఏం చెయ్యాలని అడిగావు కదా, అది ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

ముందు చెయ్యకూడనిది విను. "ఇదెందుకిలా చేస్తోంది?" అని ఆలోచిస్తూ కూర్చోకు. 1000 అడుగుల ఎత్తులో, నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుతుంటే నీ చేతిలో నిమిషంన్నర కూడా లేదు. కుక్కర్ తేడాగా శబ్దం చేస్తే మీ అత్తయ్య ముందు స్టవ్ కట్టేస్తుంది, కారణం తర్వాత వెతుకుతుంది. నువ్వూ అంతే. కారణం హోటల్ రూంలో వెతుక్కోవచ్చు.

చెయ్యాల్సిందేంటంటే, ఆటోమేషన్ ఇప్పుడు ఏ మోడ్‌లో ఉందో చూపిస్తూ స్క్రీన్ పైభాగంలో ఉండే ఎఫ్‌ఎంఏ లైను చదువు. మనసులో కాదు, పక్కవాళ్లకు వినపడేలా. బటన్ నొక్కాను కాబట్టి మోడ్ వచ్చేసి ఉంటుందిలే అనుకోవడమే అసలు ప్రమాదం. ఆ లైన్లో కనిపిస్తేనే వచ్చినట్టు.

1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో జరిగింది నీకు తెలిసే ఉంటుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి అప్పుడప్పుడే వచ్చిన ఏ320, బొంబాయి నుంచి వస్తోంది. అప్రోచ్‌లో ఓపెన్ డిసెంట్ మోడ్‌లోకి వెళ్లింది. ఆ మోడ్‌లో ఇంజన్లు ఐడిల్‌లో, అంటే అతి తక్కువ పవర్‌లో ఉంటాయి, స్పీడ్‌ని ముక్కు ఎత్తి దించడంతో కాపాడుకోవాలి. విమానాన్ని ఎటు తిప్పాలో స్క్రీన్ మీద చూపించే ఫ్లైట్ డైరెక్టర్ పైలట్లిద్దరికీ చెరొకటి ఉంటుంది. ఒకరిది ఆపారు, రెండోది ఆన్‌లోనే ఉండిపోయింది. రెండూ ఆపి ఉంటే, ఇంజన్ పవర్‌ని తనే సర్దే ఆటోథ్రస్ట్ స్పీడ్ మోడ్‌లోకి మారి పవర్ ఇచ్చేది. చూసుకునేసరికి స్పీడ్ పడిపోయింది, ఎత్తూ లేదు. 146 మందిలో 92 మంది పోయారు. మెషీన్ తనకు చెప్పిందే చేసింది.

చెప్పనిది చేసిన సందర్భమూ ఉంది. 2009 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి, నేల నుంచి ఎత్తు కొలిచే ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ మైనస్ 8 అడుగులు చూపించింది. విమానం ఇంకా దాదాపు 2000 అడుగుల ఎత్తులో ఉంది. నేల తాకబోతున్నామనుకుని ఆటోథ్రాటిల్ (బోయింగ్‌లో ఆటోథ్రస్ట్ లాంటిదే) పవర్ తీసేసింది. ఆ విమానంలో పవర్ లివర్లు కళ్లముందే వెనక్కి కదులుతాయి, అయినా పైలట్లు చాలాసేపు గుర్తించలేదు. మన ఎయిర్‌బస్‌లో అసలు కదలవు! అందుకే స్పీడ్ మీద నీ చూపు ఇంకా ఎక్కువసార్లు పడాలి.

ఆటోథ్రస్ట్ తీసేయాల్సి వస్తే ఒక్క జాగ్రత్త. లివర్లు క్లైంబ్ నాచ్‌లో, అంటే పైకెక్కేటప్పటి పవర్ గాడిలో ఉండగా రెడ్ బటన్ నొక్కావనుకో, ఇంజన్లు ఒక్కసారిగా క్లైంబ్ పవర్‌కి లేస్తాయి. ముందు లివర్లను అప్పుడున్న పవర్‌కి సరిపడేలా వెనక్కి తెచ్చుకుని, తర్వాత నొక్కు. సిమ్యులేటర్లో ఇది తెగ విసిగిస్తారు. విసిగించనీ.

ఇప్పుడు నా సంగతి. కోల్‌కతాలో ఒక వాన సాయంత్రం రన్‌వే మార్చారు. నేనే నడుపుతూ, నేనే తల దించుకుని కంప్యూటర్లో కొత్త అప్రోచ్ కొడుతున్నా. ఆ పని పక్కనున్న కుర్రాడికి ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. రన్‌వేకి సూటిగా దారి చూపే లోకలైజర్ పట్టుకుంది, దిగాల్సిన వాలు చూపే గ్లైడ్‌స్లోప్ మాత్రం ఆర్మ్ కాలేదు, అంటే పట్టుకోవడానికి సిద్ధం కాలేదు. విమానం 3000 అడుగుల్లోనే సాగిపోతోంది. "సార్, ఎత్తులో ఉన్నాం" అన్నాడు. "పట్టేస్తాలే" అన్నాను. పదిహేను వేల గంటల గర్వం మాట్లాడించింది. రెండోసారి వాడు "గో అరౌండ్, సార్" అన్నాడు, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెళ్దామని. అప్పటికి నాకు తెలివొచ్చింది. తిరిగొచ్చి దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఎవరికీ ఏమీ కాలేదు. హోటల్ లిఫ్టులో చూస్తే వాడి చేతులు ఇంకా వణుకుతున్నాయి.

పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచాం మిమ్మల్ని. ఆ పెంపకం కాక్‌పిట్ తలుపు బయట వదిలెయ్. పొడుగు వాక్యాలు వద్దు. "స్పీడ్", "గ్లైడ్‌స్లోప్", "గో అరౌండ్", ఇంతే. కెప్టెన్ ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

గో అరౌండ్ అంటే లివర్లు టోగా నాచ్ (టేకాఫ్‌కీ గో అరౌండ్‌కీ పూర్తి పవర్ ఇచ్చే చివరి గాడి) దాకా పూర్తిగా తొయ్యాలి. పవర్ ఎక్కువనిపిస్తే తర్వాత తగ్గించుకోవచ్చు. మధ్యలో ఆపితే ఆ మోడే రాదు, విమానం ఇంకా దిగాలనే చూస్తుంది. తోశాక మళ్లీ ఎఫ్‌ఎంఏ చదువు.

హైదరాబాద్ లేఓవర్ పడితే ఇంటికి రా, మోడ్‌ల సంగతి కాగితం మీద బొమ్మ గీసి చెప్తా. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకి చూపించకు, టెన్షన్ పడుతుంది.

మావయ్య