గడగడా చదువుతారు, అర్థం మాత్రం చెప్పలేరు: ఫోనిక్స్ చాలదా?

చాలదు. అలాగని ఫోనిక్స్‌ను, అంటే ఇంగ్లీషు అక్షరాల ధ్వనులు నేర్పి వాటిని కలిపి పిల్లల చేత చదివించే పద్ధతిని, తప్పుపట్టడానికీ లేదు, అక్షరాన్ని ధ్వనిగా మార్చడం వరకే దాని పని. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు దీన్ని గుణకారంగా చెప్పారు: అక్షరాలను పలికే నేర్పును, వింటే అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి గ్రహించడం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

అర్థం చేసుకోవాలంటే విషయం ముందే కొంత తెలిసుండాలి. ఈ రెండు వాక్యాలు చూడండి: ‘ఆకాశం నల్లబడింది. అమ్మ బట్టల కోసం బయటికి పరుగెత్తింది.’ ఇందులో వాన అన్న మాటే లేదు. ఆరేసిన బట్టలు తడుస్తాయని ముందే తెలిసిన పిల్లలకే ఆ పరుగు అర్థమవుతుంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో బడిపిల్లల చేత బేస్‌బాల్ గురించిన కథనం చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవారు, చక్కగా చదవగలిగినా ఆట తెలియనివారి కంటే ఎక్కువ గుర్తుంచుకున్నారు.

ఫోనిక్స్ రోజూ కాసేపు, వరుసక్రమంలో చెప్పండి. ‘ఎస్’ అనే పేరు కంటే ముందు ‘స్’ అనే ధ్వని నేర్పండి. స్, ఇ, ట్ కలిపి ‘సిట్’ అనిపించండి. బొమ్మ చూసి పదాన్ని ఊహించమనడం నా దృష్టిలో చెడ్డ అలవాటు.

మిగిలిన సమయమంతా మీరే పైకి చదివి వినిపించండి. చిన్నపిల్లలు తాము చదవగలిగిన దానికంటే బరువైన విషయాలను వింటూ గ్రహించగలరు. రోజుకో కొత్త కథ కాకుండా కొన్నాళ్లు పక్షుల గురించే చదివితే గూడు, పొదగడం, వలస వంటి మాటలు పదేపదే వినబడి నిలుస్తాయి. మధ్యమధ్యలో ‘ఎందుకలా చేసింది?’ అని అడుగుతూ ఉండండి.