పదకొండు వింతలూ, ఒక చోద్యం

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే 'వింత' పదకొండు చోట్ల తగిలింది. వింత నిశ్శబ్దం, వింత అనుభూతి, బామ్మ వింతగా నవ్వడం. ఎలా నవ్విందమ్మా? నువ్వు చూశావు, నాకు చూపించలేదు.

వింత చెడ్డ మాటేం కాదు. 'కొత్తొక వింత, పాతొక రోత' అంటాం కదా, దానికి కొత్తదనం అనే అర్థం ఎప్పుడూ ఉంది. విచిత్రం అసలు రంగురంగులది. అందులోని చిత్రమే మనవైపు నోళ్లలో సిత్రమైంది. విడ్డూరంలో కాస్త ఎత్తిపొడుపు ఉంటుంది, కోడలు పొద్దెక్కి లేస్తే అత్తగారి నోట వచ్చేది అదే. వీటిని పక్కన పెట్టు. నీకు చెప్పాలనుకున్నది చోద్యం గురించి.

మీ కాశీనగరంలో పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుని "ఇదేటి సోద్యమే!" అంటుంటే అది అచ్చతెలుగు మాటే అనుకుని ఉంటావు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు, సంస్కృతం. 'చుద్' అంటే తోయడం, పురికొల్పడం. గాయత్రీ మంత్రంలోని 'ప్రచోదయాత్' అక్కడిదే. పేపర్లో 'వాహన చోదకుల ఇబ్బందులు' అని వేస్తారే, ఆ చోదకుడూ అక్కడివాడే. శాస్త్రగ్రంథాల్లో చోద్యమంటే ఎదుటివాడు లేవనెత్తే ప్రశ్న, ఆక్షేపణ. దానికి చెప్పే జవాబు పరిహారం. ఆశ్చర్యమనే అర్థం కూడా సంస్కృతంలోనే ఉంది. అడక్కుండా ఉండనివ్వనిది కాబట్టే అది ఆశ్చర్యమైందని నా ఊహ. తెలుగులో ప్రశ్న జారిపోయి ఆశ్చర్యమొక్కటే మిగిలింది. తర్వాత ఇంకో మెట్టు దిగి 'ఇల్లు కాలుతుంటే చోద్యం చూస్తున్నారు' అనే దగ్గర చతికిలబడింది. ముందుకు తోసే మాట కాస్తా చేతులు కట్టుకుని నిలబడే మాటైపోయింది!

మన గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లో పంతులుగా ఉన్న రోజుల్లో ఈ కొండల్లోని సవర గిరిజనుల మాట చాలామంది చెవిన పడే ఉంటుంది. ఆయన మాత్రం చోద్యం చూస్తూ ఊరుకోకుండా, అది తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, నిఘంటువు దాకా వెళ్లారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయాక, రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు ఇక్కడే ఉండి, గడప దాటకుండా రాష్ట్రం మారారు.

నా సంగతీ చెప్పాలి. ముప్ఫై ఏళ్ల కిందట ఒక ఆఫీసులో వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలామె. గుమాస్తా పేరు పిలుస్తున్నాడు, ఆమె పలకదు. ఒడియాలో అకారం ఒకారంలా పలుకుతుందని నీకు తెలుసుగా, మన కమల వాళ్ల నోట కొమొళా అవుతుంది. ఆమె పేరులోని అకారాలన్నీ అలా గుండ్రంగా మారిపోయాయి. మూడుసార్లు పిలిచి కాగితం అడుగున పెట్టేశాడు. ఆ పేరు ఆమెదేనని నాకు మొదటిసారే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. నవ్వొచ్చింది కూడా. సాయంత్రానికి విషయం తెలిసి ఆమె అంది: "ఇదేటి సోద్యం బాబూ, నా పేరు నాకే తెల్దంట!"

ఇంటికెళ్లి దాన్ని కథ చేశాను. 'విచిత్రమైన సంఘటన' అని మొదలుపెట్టాను, సిగ్గులేకుండా. ఆమె అన్న మాట మాత్రం మొరటుగా ఉందని తీసేశాను. నేనెందుకు ఊరుకున్నానో అందులో లేనే లేదు. ఆ కథ ఇప్పుడు ఎవరికీ చూపించను.

నీ కథలో పదకొండు వింతల్నీ కొట్టేశాను. నాలుగుచోట్ల ఏమీ లోటు కనబడలేదు, అవి ఊరికే పోనీ. మిగతా ఏడింటి దగ్గర మార్జిన్లో చిన్న ప్రశ్నలు రాశాను, విసుక్కోకుండా చూడు. ఇంకోటి, మీ బామ్మ చేత పుస్తకం తెలుగు మాట్లాడించకు. ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే రాయి, మధ్యలో ఒడియా ముక్క దొర్లినా ఉండనీ.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న చివరి పేజీలో ఉంది. బామ్మ గుణుపురంలో బస్సు దిగి, సంచి కింద పెట్టి, చుట్టూ చూసి, మళ్లీ అదే బస్సెక్కింది. 'వింతగా ప్రవర్తించింది' అని రాసి దాటేశావు. అక్కడి బోర్డు చదవలేకపోయిందా? ఎవరైనా కనబడ్డారా? వారం నుంచీ ఆలోచిస్తున్నాను. ఎందుకెక్కిందో నీకు తెలిస్తే ఉత్తరం రాయి. తెలియకపోతే ముందు ఆవిణ్ణే అడుగు.

ఇట్లు,
మీ మాస్టారు