కంప్యూటర్ ఇంజినీరింగ్‌కి ఆద్యులు, మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అని పుస్తకాలు చెప్పే అమెరికా మెషీన్ ఎనియాక్‌ని కట్టినవాళ్లేనా?

కాదు. నా లెక్కలో ఆద్యుడు అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ జాన్ అటనాసాఫ్. ఎందుకంటారా, ముందు నా సంగతి చెప్పాలి.

1986లో నేను ఒక ఆఫీసులో మినీ కంప్యూటర్ మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. పొద్దున బాగానే నడిచేది. మధ్యాహ్నం రెండు దాటితే చాలు, మెమొరీలో తప్పులు. సాఫ్ట్‌వేర్ వాళ్లు మా మీద, మేము వాళ్ల మీద! వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి మా సీనియర్ వచ్చి, మెషీన్ నడుస్తుండగానే స్క్రూడ్రైవర్ పిడితో బోర్డు మీద ఒక్కో చిప్పునూ తట్టుకుంటూ వెళ్లారు. ఒకచోట తట్టగానే తప్పులు ఆగాయి. మెమొరీని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచే రిఫ్రెష్ సర్క్యూట్‌లో ఒక ఐసీ (చిప్పు) కాలికి డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతుక్కోని టంకం. వేడెక్కితే విడిపోతోంది.

"చూడు బాబూ, ఈ మెమొరీ చిప్పుల్లో ఉన్నవి ఛార్జి దాచే బుల్లి కెపాసిటర్లు. ఛార్జి కారిపోతూనే ఉంటుంది. 2 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. పాలకోవా లాంటిది, కలపడం ఆపావా, అడుగంటుతుంది" అన్నారాయన.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఇలా ఛార్జి మళ్లీ మళ్లీ నింపే పని 1939లోనే అమెరికాలోని అయోవా స్టేట్ కాలేజీలో మొదలైందని. ఫిజిక్స్ చెప్పే అటనాసాఫ్, ఆయన శిష్యుడు క్లిఫర్డ్ బెర్రీ కెపాసిటర్లను ఒక డ్రమ్ములో అమర్చి సెకనుకో చుట్టు తిప్పారు. ప్రతి చుట్టుకీ ఛార్జి మళ్లీ నింపడమే. ఇవాళ మీ ఫోన్‌లోని ర్యామ్‌దీ అదే సూత్రం. చిప్పులు రాకముందు వాడిన వాక్యూమ్ ట్యూబులు సుమారు 300తో, బైనరీలో (0, 1 అంకెలతోనే) లెక్క కట్టిన మెషీన్ అది. ఎనియాక్‌లో దాదాపు 18,000 ట్యూబులు ఉన్నా లెక్క మాత్రం మన మామూలు పది అంకెల (దశాంశ) పద్ధతిలోనే. ఆ ఆలోచన అటనాసాఫ్ నుంచి వచ్చిందంటూ 1973లో అమెరికా కోర్టు ఎనియాక్ పేటెంట్ చెల్లదని తీర్పిచ్చింది. అయినా మన పుస్తకాల్లో ఇంకా ఎనియాకే!

ఇంకో బాధ. హైదరాబాద్‌కి కంప్యూటర్ 90ల్లో సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందనుకుంటారు. ఏ.ఎస్.రావు గారి ఈసీఐఎల్ (హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. ఏ.ఎస్.రావు నగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న ఇంజినీర్లకి కూడా ఆ పేరు ఎవరిదో తెలియకపోతే ఎలా? కాలేజీ ల్యాబుల్లో పిల్లల చేతికి సోల్డరింగ్ ఐరనే ఇవ్వడం లేదు.

అటనాసాఫ్ మెషీన్‌ని 1948లో కాలేజీవాళ్లు ఆయనకు చెప్పకుండానే విప్పేశారు. మిగిలిన కాసిని భాగాల్లో ఆ మెమొరీ డ్రమ్ము ఒకటి.