డీజిల్ బండికి ఏ ఇంధనం తగినది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈ మధ్యే డీజిల్ కారు కొన్నాను. బంకులో మామూలు డీజిల్‌తో పాటు ఎక్కువ ధరకు ‘ప్రీమియం’ డీజిల్ కూడా అమ్ముతున్నారు. అందులో ఆక్టేన్ ఎక్కువని, అది పోయిస్తే ఇంజిన్ బలం పెరుగుతుందని మా మెకానిక్ అంటున్నాడు. అదంతా డబ్బు దండగ అని మా బావగారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ముందుగా ఆక్టేన్ సంగతి తేల్చుకుందాం. అది పెట్రోలుకు సంబంధించిన కొలత. పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ పడేదాకా ఇంధనం తనంతట తాను అంటుకోకూడదు కాబట్టి, అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకోగలదో ఆక్టేన్ చెబుతుంది. డీజిల్ ఇంజిన్‌లో అసలు నిప్పురవ్వే ఉండదు. సిలిండర్‌లోని గాలిని పదిహేనో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కేసరికి దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. ఆ వేడి గాలిలోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకోవాలి. ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత సీటేన్ సంఖ్య. అది తక్కువైతే చిమ్మిన ఇంధనం కాసేపు అంటుకోకుండా పోగుపడి, తర్వాత ఒక్కసారిగా మండుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజిన్ మొరాయించడం, తెల్లటి పొగ రావడం, గట్టిగా కొట్టినట్టు శబ్దం చేయడం వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

యూరప్ ప్రమాణమైన ఈఎన్ 590 ప్రకారం డీజిల్ సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి. అమెరికా ప్రమాణం 40 ఉంటే చాలంటుంది. మీ ఇంజిన్‌ను ఏ ప్రమాణానికి తగ్గట్టు తయారు చేశారో బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది; చాలా బండ్లలో ఇంధనం మూత లోపలి వైపు కూడా అతికించి ఉంటుంది. ఆ కనీసం అందితే చాలు. 51కి సరిపడేలా కట్టిన ఇంజిన్‌లో 56 ఉన్న డీజిల్ పోసినంత మాత్రాన బలం పెరగదు. చలి పొద్దుల్లో స్టార్టింగ్ కాస్త సులువు కావచ్చు, శబ్దం కొంచెం తగ్గవచ్చు, అంతే.

అలాగని ప్రీమియం డీజిల్ మొత్తాన్నీ దండగ అనడం కూడా సరికాదు. అందులో కలిపే పదార్థాల్లో నిజంగా పనికొచ్చేది శుభ్రపరిచే రసాయనం. సిలిండర్‌లోకి డీజిల్‌ను చిమ్మే ఇప్పటి ఇంజెక్టర్ల మొనల్లోని రంధ్రాలు మిల్లీమీటరులో అయిదో వంతు కంటే సన్ననివి. వాటి అంచుల్లో మసి గట్టిపడితే తుంపర తీరు చెడుతుంది. తుంపర చెడితే పొగ పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. శుభ్రపరిచే రసాయనం ఆ పేరుకుపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, కొంతవరకు పేరుకున్నదాన్ని కరిగిస్తుంది కూడా. దీని ఫలితం నెలల మీద తెలిసేదే తప్ప ఒక్క ట్యాంకుతో కనిపించేది కాదు. మీరు ఎక్కువగా దగ్గర దూరాలే, ఆగుతూ సాగే రద్దీలోనే తిరుగుతుంటే అప్పుడప్పుడూ ఒక ట్యాంకు అలాంటి డీజిల్ పోయించడంలో అర్థం ఉంది. పెద్ద రోడ్డు మీద దూర ప్రయాణాలు చేసేవారికి ఆ అవసరం తక్కువ. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది బంకు ఎంపిక: అమ్మకం బాగా సాగే బంకులో డీజిల్ నెలల తరబడి నిల్వ ఉండదు, అడుగున నీరు, మడ్డి చేరే అవకాశమూ తగ్గుతుంది. శుభ్రమైన మామూలు డీజిల్ ముందు నీరు కలిసిన ప్రీమియం డీజిల్ ఎందుకూ కొరగాదు.

ప్రశ్న: మా దగ్గర బాగా పాత డీజిల్ జీపు ఒకటి, ఇటీవలి మోడల్ కారు ఒకటి ఉన్నాయి. గంధకం తీసేసిన కొత్త డీజిల్ పాత పంపులను అరగదీస్తుందంటారు. ఇది నిజమేనా? రెండింటికీ ఒకే డీజిల్ వాడవచ్చా?

జవాబు: ఆ మాటకు ఒకప్పుడు ఆధారం ఉంది. డీజిల్ పంపులో విడిగా ఇంజిన్ ఆయిల్ ఉండదు. చాలా రకాల పంపుల్లో కదిలే భాగాల మధ్య కందెనగా పనిచేసేది డీజిలే. శుద్ధి కర్మాగారంలో గంధకాన్ని హైడ్రోజన్‌తో తొలగించేటప్పుడు, డీజిల్‌కు సహజంగా ఆ కందెన గుణాన్ని ఇచ్చే కొన్ని పదార్థాలు కూడా పోతాయి. 1990ల మొదట్లో స్వీడన్‌లో గంధకం బాగా తగ్గించిన డీజిల్ వచ్చినప్పుడు పంపులు త్వరగా అరిగిపోయిన మాట వాస్తవం. ఆ అనుభవం తర్వాతే కందెన గుణాన్ని కొలిచే పరీక్ష ప్రమాణాల్లో చేరింది. ఒక ఉక్కు గోళీని డీజిల్‌లో ముంచి, పలక మీద రుద్ది, గోళీపై పడిన అరుగుదల మచ్చను కొలుస్తారు. ఆ మచ్చ యూరప్ ప్రమాణంలో 460 మైక్రాన్లను, అమెరికా ప్రమాణంలో 520 మైక్రాన్లను మించకూడదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాన్ని సాధించడానికి తగిన పదార్థాన్ని డీజిల్ అమ్మకానికి రాకముందే కలుపుతారు. కాబట్టి ప్రమాణానికి తగిన డీజిల్ దొరికే చోట మీ జీపు పంపు గురించి బెంగ అక్కరలేదు. పాత రబ్బరు సీళ్ల దగ్గర చెమ్మ కనిపిస్తే మాత్రం అశ్రద్ధ చేయకండి; డీజిల్ కూర్పు మారినప్పుడు ముసలి రబ్బరు బిగువు కోల్పోయి కారడం ఉంది. సీళ్లు మార్పిస్తే సరిపోతుంది.

అసలు జాగ్రత్త పడవలసింది రెండో వైపున. గంధకం ఎక్కువ ఉన్న డీజిల్‌ను పాత జీపు భరిస్తుంది గానీ మీ కొత్త కారు భరించలేదు. గంధకం మండినప్పుడు పుట్టే ఆక్సైడులు పొగగొట్టంలోని ఉత్ప్రేరకాల పూతను పనిచేయకుండా చేస్తాయి, మసిని పట్టే డీపీఎఫ్ వడపోతకు భారం పెంచుతాయి, తేమతో కలిసి ఆమ్లంగా మారి ఇంజిన్ ఆయిల్‌ను త్వరగా పాడుచేస్తాయి. అందుకే ఇలాంటి వాహనాలకు యూరప్‌లో పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు, అమెరికాలో 15 పాళ్లకు మించి గంధకం ఉండకూడదని నియమం పెట్టారు. ఒక్కసారి గత్యంతరం లేక పోయించినంతలో కారు మూలన పడదు. అదే అలవాటైతే డీపీఎఫ్, ఉత్ప్రేరకాల ఖర్చు పెద్దదవుతుంది. రెండు బండ్లకూ ఒకే డీజిల్ వాడాలనుకుంటే కొత్త కారుకు తగినదే రెండింటికీ వాడండి.

ప్రశ్న: వాడిన వంటనూనెను గుడ్డతో వడకట్టి డీజిల్‌లో కలిపి నడపవచ్చంటున్నారు. బయోడీజిల్ అంటే అదే కదా? పంపుల మీద కనిపించే బీ7, బీ20 అంటే ఏమిటి?

జవాబు: అది బయోడీజిల్ కాదండీ, ఉత్త నూనె. ఈ తేడా తెలియక ఇంజిన్లు పాడుచేసుకున్నవారు ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపిన మాట నిజమే. ఇలాంటి సలహా ఇచ్చేవారు తరచూ ఎత్తేది ఆ సంగతినే. అయితే ఆనాటి ఇంజిన్‌కూ, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే నేటి కామన్ రైల్ ఇంజిన్‌కూ పోలిక లేదు. ఆ గొట్టంలో ఒత్తిడి కొన్ని ఇంజిన్లలో 2,000 బార్‌ను మించుతుంది. పంపులో, ఇంజెక్టర్‌లో భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లే. వంటనూనె చిక్కదనం డీజిల్‌కు దాదాపు పది రెట్లు. అంత చిక్కని ద్రవం సన్నని తుంపరగా విడిపోదు. పెద్ద చుక్కలుగా పడి పూర్తిగా మండక, ఇంజెక్టర్ మొన దగ్గర బొగ్గులా గట్టిపడుతుంది, పిస్టన్ రింగులను పట్టేస్తుంది, మండని భాగం కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో చేరి దాన్ని జిగురుగా మారుస్తుంది. వాడిన నూనెలో వీటికి తోడు నీరు, ఆమ్లాలు, ఉప్పు కూడా ఉంటాయి. గుడ్డ వీటిలో దేన్నీ ఆపలేదు.

బయోడీజిల్ తయారీలో ఆ నూనెను మిథనాల్‌తో చర్య జరిపించి, గ్లిసరిన్‌ను వేరుచేసి, మిగిలిన ఎస్టర్లను (బయోడీజిల్ అంటే ఇవే) కడిగి, ఆరబెట్టి, పరీక్షిస్తారు. అప్పుడు దాని చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా వస్తుంది. బీ పక్కన ఉన్న అంకె మొత్తం ఇంధనంలో దాని శాతం: బీ7లో 7 శాతం వరకు, బీ20లో 20 శాతం వరకు బయోడీజిల్ ఉంటుంది. ఈఎన్ 590 ప్రమాణం 7 శాతం దాకా అనుమతిస్తుంది కాబట్టి ఆ ప్రమాణానికి తగ్గట్టు కట్టిన బండ్లన్నీ బీ7ను వాడుకోగలవు. అంతకు మించినదాన్ని మీ బండి పుస్తకం పేరు పెట్టి ఒప్పుకుంటేనే పోయించండి. చిన్న మోతాదులో బయోడీజిల్ మేలే చేస్తుంది. ఒకటి రెండు శాతం కలిసినా కందెన గుణం పెరుగుతుంది. ఎక్కువ శాతం వాడటం మొదలుపెట్టేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది పాత ట్యాంకులో ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్ దాకా తెస్తుంది, కాబట్టి మొదటి ఫిల్టర్‌ను ముందుగానే మార్చాలి. పూర్తి బయోడీజిల్‌లో లీటరుకు ఉండే శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ; బీ20లో ఆ తేడా ఒకటి రెండు శాతమే గనక మైలేజీలో అంతగా తెలియదు.

కొన్ని దేశాల్లో హెచ్‌వీవో అనే మరో ఇంధనం కూడా అమ్ముతున్నారు. అదీ నూనెల నుంచే వస్తుంది గానీ, హైడ్రోజన్‌తో శుద్ధి చేయడం వల్ల ఎస్టర్లుగా మిగలక డీజిల్‌లో ఉండేలాంటి హైడ్రోకార్బన్లుగానే మారుతుంది. దాని సీటేన్ సంఖ్య 70 దాటుతుంది, నిల్వకూ బాగుంటుంది. దానికి ఈఎన్ 15940 అనే వేరే ప్రమాణం ఉంది. బండి తయారీదారు ఆ ప్రమాణాన్ని అనుమతించారో లేదో చూసుకోండి.

ప్రశ్న: మంచు కురిసే ప్రాంతానికి డీజిల్ బండిలో వెళ్తున్నాం. కిరోసిన్ కలపమంటున్నారు. కలపవచ్చా?

జవాబు: కామన్ రైల్ బండి అయితే కలపకండి. డీజిల్‌లో సహజంగా ఉండే మైనం చలికి స్ఫటికాలుగా మారి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఆ ఇబ్బందిని దాటడానికి పాత ఇంజిన్ల రోజుల్లో కొందరు తయారీదారులే కొంత కిరోసిన్ అనుమతించేవారు. కిరోసిన్‌కు చిక్కదనమూ కందెన గుణమూ తక్కువ కావడంతో నేటి పంపుకు అది హాని చేస్తుంది. చలి ప్రాంతాల బంకుల్లో చలికాలానికి తగిన డీజిల్ విడిగా దొరుకుతుంది. దిగువనే ట్యాంకు నింపుకోకుండా, సగం ఖాళీగా వెళ్లి అక్కడి డీజిల్ పోయించుకోవడం మేలైన పద్ధతి. ఫిల్టర్ మూసుకుపోకుండా చేసే మందును కలపదలచుకుంటే మైనం పేరుకోకముందే కలపాలి. పేరుకున్న తర్వాత అది కరిగించదు.

ప్రశ్న: యాడ్‌బ్లూను డీజిల్‌లో కలిపి పోయవచ్చా?

జవాబు: ఎంతమాత్రం పోయకూడదు. అది ఇంధనం కాదు, 32.5 శాతం యూరియా కలిసిన శుద్ధమైన నీరు. దానికి నీలి మూత ఉన్న విడి ట్యాంకు ఉంటుంది. పొగగొట్టంలో నైట్రోజన్ ఆక్సైడులను నైట్రోజన్‌గా, నీటిగా మార్చడమే దాని పని. డీజిల్ ట్యాంకులో పడితే లోహ భాగాలు తుప్పు పడతాయి, స్ఫటికాలు కడతాయి. పొరపాటున పడితే కింది జవాబులో పెట్రోలుకు చెప్పినట్టే చేయండి.

ప్రశ్న: డీజిల్ కారులో పొరపాటున కొన్ని లీటర్ల పెట్రోలు పోశారు. మిగతాది డీజిల్‌తో నింపితే సర్దుకుంటుందా?

జవాబు: సర్దుకుంటుందని నమ్మి నడపకండి. పెట్రోలు పంపు గొట్టం సన్నగా ఉండటంతో డీజిల్ ట్యాంకు మూతిలోకి సులువుగా దూరుతుంది; అందుకే ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. పెట్రోలు డీజిల్‌లోని కందెన గుణాన్ని పలచబరుస్తుంది. ఇందాక చెప్పిన ఆ కొద్ది మైక్రాన్ల సందుల్లో లోహం లోహాన్ని రాస్తే సన్నని రజను రాలుతుంది. అది కామన్ రైల్ గొట్టంలోకి, ఇంజెక్టర్లలోకి, తిరుగు గొట్టం ద్వారా మళ్లీ ట్యాంకులోకి చేరుతుంది. అంతదాకా వస్తే పంపు నుంచి ట్యాంకు దాకా మొత్తం వ్యవస్థను మార్చవలసి రావచ్చు. ముందే గుర్తించి ట్యాంకు ఖాళీ చేయించుకుంటే అందులో పదోవంతు ఖర్చు కూడా కాదు.

కాబట్టి తెలిసిన క్షణం నుంచి ఇంజిన్ స్టార్ట్ చేయకండి. తాళం కూడా తిప్పకండి, ఎందుకంటే చాలా కార్లలో తాళం తిప్పగానే ట్యాంకులోని విద్యుత్ పంపు ఇంధనాన్ని ముందుకు తోసేస్తుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి పక్కకు నెట్టించి, ట్యాంకు ఖాళీ చేయగల నిపుణులను పిలిపించండి. నడుపుతుండగా తెలిస్తే సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ ఆర్పేయండి. తీసిన మిశ్రమాన్ని దాచుకుని ఎందులోనైనా వాడదామని చూడకండి: మామూలు డీజిల్ ఆవిరి 55 డిగ్రీల దగ్గరగానీ అంటుకునే స్థితికి రాదు, పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలోనూ అంటుకుంటుంది.

ప్రశ్న: బండిని కొన్ని నెలలు వాడకుండా ఉంచవలసి వస్తోంది. ట్యాంకులో ఏముంచాలి?

జవాబు: ట్యాంకు నిండా తాజా డీజిల్ ఉంచండి. ఖాళీ భాగం ఎక్కువైతే లోపలి గాలిలోని తేమ చల్లబడి నీరుగా అడుగున చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో బూజు, సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్‌ను జిగురుతో నింపుతాయి. బయోడీజిల్ శాతం ఎక్కువ ఉన్నది తేమను ఎక్కువగా పీల్చుకుంటుంది, గాలి తగిలి త్వరగా చెడుతుంది; నిల్వకు అది వద్దు. తిరిగి బండి తీసేటప్పుడు ఫిల్టర్ కింద నీరు వదిలే మరను విప్పి, ముందు నీటిని వదిలేయండి. వచ్చినది నల్లగా, జిగురుగా ఉంటే ఫిల్టర్‌తో సరిపెట్టకుండా ట్యాంకు కడిగించాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి.