ఈఎంఐ మీద లార్జ్ ఫార్మాట్ కెమెరా కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. కాకినాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 48 వేలు చేతికొస్తే, ఖర్చులు పోగా 10 వేల దాకా మిగులుతుంది. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. లార్జ్ ఫార్మాట్ ఫిల్మ్ ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని ఎప్పటినుంచో కోరిక. 4×5 కెమెరా (4×5 అంగుళాల ఫిల్మ్ షీట్ల మీద తీసేది), లెన్స్, షీట్లు పెట్టే హోల్డర్లు విదేశాల నుంచి తెప్పిస్తే లక్షా 40 వేలు అవుతుందంటున్నారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా? పెదనాన్నగారి స్టూడియోలో పాత చెక్క కెమెరా (హాఫ్ ప్లేట్) మూలన పడి ఉంది. అదేమైనా పనికొస్తుందా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి పోకండి. అది మీ మూడు నెలల జీతం. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా అక్కరకొచ్చేది అదొక్కటే.

ఈఎంఐ లెక్క చూడండి. లక్షా 40 వేలను 15 శాతం వడ్డీతో 18 నెలలకు మార్చుకుంటే నెలకు 8,730 రూపాయలు పడుతుంది. వడ్డీయే 17,200 దాకా, దానిమీద 18 శాతం జీఎస్టీ మరో 3,100. మీకు మిగిలేది 10 వేలు. కెమెరా ఇంటికొస్తుంది, అందులో పెట్టడానికి ఫిల్మ్ కొనే డబ్బుండదు.

ఈ హాబీలో అందరూ కెమెరా ధర చూస్తారు, షీటు ధర చూడరు. మంచి స్థితిలో ఉన్న 150 ఎంఎం లెన్స్ కొంటే రేపు వద్దనుకున్నా అమ్ముకోవచ్చు, చాలావరకు డబ్బు తిరిగొస్తుంది. ఫిల్మ్‌కి పెట్టింది మాత్రం పోయినట్టే. రసాయనాలు, పాడైపోయేవి కలిపి షీటుకు 250 అనుకుందాం. వారానికి నాలుగు తీస్తే నెలకు 4 వేలు. మొదట్లో సగం పాడవుతాయి. డార్క్ స్లైడ్ (హోల్డర్‌లో షీటు మీద వెలుగు పడకుండా మూసే పలక) తీయడం మర్చిపోతారు, ఫోకస్ చూసుకుని లెన్స్ మూయకుండానే స్లైడ్ లాగేస్తారు. ఇవన్నీ 250 రూపాయల షీటు మీద నేర్చుకోవడం దేనికి?

అందుకే నా ఓటు పెదనాన్నగారి కెమెరాకి. హాఫ్ ప్లేట్ అంటే 4¾×6½ అంగుళాలు. ఆ సైజులో ఫిల్మ్ సులభంగా దొరకదు. పాత చెక్క కెమెరాలు చవగ్గా వస్తున్నాయని కొనేసి చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. మీకు అది ఊరికే వస్తోంది కాబట్టి ఫిల్మ్ బదులు బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్ పేపర్ వాడండి. 8×10 షీటు ఒకటి కోస్తే హాఫ్ ప్లేట్ ముక్కలు రెండొస్తాయి. షీటు 120 అనుకున్నా ముక్క 60 రూపాయలే. ఎర్ర సేఫ్‌లైట్ కింద కోయొచ్చు, బాత్రూమ్‌లో మూడు ట్రేలు పెట్టుకుని కడగొచ్చు. బొమ్మ తేలుతుంటే కళ్లారా చూడొచ్చు, ఫిల్మ్‌తో ఆ సుఖం లేదు. పేపర్ నెగటివ్‌ని (నలుపు తెలుపులు తారుమారుగా వచ్చే ఆ పేపర్ బొమ్మని) మామూలు ఆఫీసు స్కానరే స్కాన్ చేస్తుంది. ఫిల్మ్‌కైతే వెనకనుంచి వెలుగు కావాలి. పైగా అలాంటి స్కానర్లలోనూ కొన్ని 4×5 తీసుకోవు. ఉదాహరణకు ఎప్సన్ వీ600 స్కానర్ ఆ షీటు మొత్తాన్ని ఒకేసారి స్కాన్ చేయలేకపోతుంది.

పేపర్ స్పీడు (వెలుగును పట్టే వేగం) చాలా తక్కువ, ఐఎస్ఓ 6 చుట్టూ ఉంటుంది. ఇది మీకు కలిసొచ్చే విషయమే. పాత లెన్స్‌లకు చాలాసార్లు షట్టర్ ఉండదు. నీడలో లెన్స్ రంధ్రం ఎఫ్/22కి చిన్నది చేసి పెడితే రెండు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి లెన్స్ మూత తీసి, లెక్కపెట్టి, మూసేస్తే చాలు. ఎరుపు పేపర్‌కి కనిపించదు, పెదవులు నల్లగా వస్తాయి. కంగారు పడకండి.

ముందు బెలోస్ (లెన్స్‌కీ కెమెరా వెనక భాగానికీ మధ్య ఉండే మడతల తిత్తి) చూడండి. చీకటి గదిలో లోపల టార్చి పెట్టి మడతలు సాగదీస్తే చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. చిన్నవైతే నల్ల గుడ్డ టేపు అంటిస్తే సరిపోతుంది. సముద్రపు ఊరు కదా, లెన్స్‌లో ఫంగస్ ఉందేమో కూడా అదే టార్చితో చూసుకోండి. హోల్డర్లు గాజు ప్లేట్లవైతే పేపర్ వెనక ప్లేటంత మందమున్న అట్టముక్క పెట్టాలి. లేకపోతే వంగి ఫోకస్ పోతుంది.

ఇక నెలవారీ లెక్క. మిగిలే 10 వేలలో 5 వేలు ఏడాది రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదిలో వాడుకునే డబ్బు కాబట్టి షేర్ల ఫండ్లలో వద్దు. 2 వేలు పేపర్‌కీ రసాయనాలకీ. 3 వేలు హెల్త్ ఇన్సూరెన్స్‌కి పక్కన పెట్టండి. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది.

ఏడాది తిరిగాక మోజు తగ్గకపోతే ఆ 60 వేలతో 4×5 మొదలుపెట్టండి. ఇంట్రెపిడ్ లాంటి ప్లైవుడ్ కెమెరా, సెకండ్ హ్యాండ్ లెన్స్ ఒకటి, హోల్డర్లు రెండు. హోల్డర్‌కి రెండు షీట్లు పడతాయి. లెన్స్ అమ్మేవాళ్లను షట్టర్ ఒక సెకను దగ్గర పెట్టి వీడియో పంపమనండి, పాత షట్టర్లు తడబడేది ఎక్కువగా ఆ నిదాన స్పీడుల్లోనే. ధర చూసేటప్పుడు షిప్పింగ్, దాన్నీ కలుపుకుని లెక్కేసే కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, కార్డు మీద విదేశీ మారకపు ఛార్జీ అన్నీ కలిపి చూడండి. డబ్బు చాలకపోతే ఇంకో మూడు నెలలు ఆగండి, మిగతాది కార్డు మీద గీకొద్దు.

ఈలోగా స్టూడియో అటక మీద ప్లేట్ హోల్డర్లు ఉన్నాయేమో వెతకండి. రెండు దొరికినా చాలు. ఒక్కటీ దొరక్కపోతే కొత్తవి చేయించడానికి వడ్రంగి ఎంత అడుగుతాడో కనుక్కుని మళ్లీ రాయండి, లెక్క మార్చుకుందాం.